స్టీరింగ్ బరువెక్కిన మలుపు

"నిద్రపోయాను. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు?"

అద్దానికి అవతల కూర్చున్న ఓక్ జేమున్ నా మొహం చూడకుండా అన్నాడు. మీసాలు వచ్చినప్పట్నుంచీ లారీ తోలుతున్న మనిషి. జైలువాళ్ళిచ్చిన చొక్కా భుజాల మీద నిలవడం లేదు, అంతలా చిక్కిపోయాడు. కుడిచెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

"నిద్రపోయినవాడికి భుజం నరం ఎలా తెగింది?" అన్నాను.

"గుద్దుకున్నప్పుడు."

"గుద్దుకుంటే ఛాతీకి తగలాలి, మోకాళ్ళకి తగలాలి. అవి రెండూ శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి దేన్నో లాగితే తెగే నరం అది. ఏం లాగావు జేమున్?"

మెడకి కట్టిన గుడ్డ ముడి సర్దుకున్నాడు.

నా పేరు మేంగ్ సున్‌రె. రోడ్డు ప్రమాదాల విభాగంలో పోలీసుగా చేసి రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మొగుడు ఎటు వెళ్తున్నాడో చూసిపెట్టమని వస్తారు. జేమున్ భార్య యొమ్ మల్‌సుక్ ఒక్కతే మొగుణ్ణి ఇంటికి తెచ్చిపెట్టమని వచ్చింది. వచ్చి నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కాదనలేకపోయాను.

జరిగింది ఇది. జేమున్ తన డీజిల్ లారీ నిండా సిమెంటు బస్తాలు వేసుకుని నురుప్ కనుమ దిగుతున్నాడు. ఎడమవైపు మలుపులో లారీ తిరగలేదు. నేరుగా వెళ్ళి బస్ స్టాప్‌ని గుద్దింది. బస్సు కోసం కూర్చున్న మంగలి షాపు ముసలాయన అక్కడికక్కడే పోయాడు. అంబులెన్సు వచ్చేసరికి జేమున్ రోడ్డు మీద మోకాళ్ళ మీద పడి, "స్టీరింగ్ తిరగలేదు, తిరగలేదు" అని అరుస్తున్నాడు. ఆ మాట విన్నవాళ్ళు ముగ్గురున్నారు. మరి రెండు రోజుల తర్వాత అదే మనిషి పోలీసుల్ని పిలిపించి, నిద్రపోయాను, రాసుకోండి అన్నాడు. అంతటితో ఆగలేదు. లారీని తుక్కు కింద ఇచ్చేయడానికి తనే సంతకం పెట్టాడు. తన తరఫున సాక్ష్యం చెప్పగలిగింది లోకంలో ఆ లారీ ఒక్కటే. దాన్ని తనే చంపుకుంటున్నాడు.

"మాట మార్చిన రోజు నీ దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"మీ ఆవిడ వచ్చింది. వచ్చినవాళ్ళ పుస్తకంలో పేరుంది."

అప్పుడు మొదటిసారి తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బండి వెళ్ళిపోయిందా?"

"సాయంత్రం నాలుక్కి తుక్కువాళ్ళు వస్తారు."

హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. ఎన్నో ఏళ్ళు నేరస్థుల్ని చూశాను, నిర్దోషుల్నీ చూశాను. మునిగిపోతూ, విసిరిన తాడుని వెనక్కి విసిరేసేవాణ్ణి చూడలేదు.

"అక్కా, దణ్ణం పెడతా, వదిలెయ్యండి," అన్నాడు. "ముసలాయన పోయాడు. ఎవరో ఒకళ్ళు లోపలుండాలి కదా. నేనున్నాను. సరిపోయింది."

"రేపు కోర్టులో నిద్ర అని తేలితే ఎన్నేళ్ళో తెలుసా నీకు?"

"తెలుసు. ఒక్క సాయం చెయ్యండి చాలు. మల్‌సుక్‌ని బండి దగ్గరికి రానివ్వకండి."

గంట మోగింది. ఎందుకని అడిగేలోపు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

* * *

పోలీసులు పట్టుకున్న వాహనాలు పెట్టే యార్డుకి రెండున్నరకి చేరాను. గేటు దగ్గర గుక్ తేపిల్ కాగితం కప్పులో కాఫీ తాగుతూ నిలబడ్డాడు. ఒకప్పుడు నా కింద పనిచేశాడు. ఇప్పుడు ప్రమాదాల విభాగం వాడిదే. లారీలో ఏ లోపమూ లేదని రిపోర్టు రాసింది వాడే.

"వచ్చారండీ గురువుగారు!" అన్నాడు. "రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కిమ్చీ పచ్చడి పెట్టుకోక, ఈ తుప్పులో ఏం పని అక్కా నీకు?"

"కిమ్చీ పెట్టే వచ్చాను. అది ఊరేలోగా నీ రిపోర్టు ఎంత పచ్చిగా ఉందో చూద్దామని."

మొహం మాడిపోయింది వాడికి. "వాడే ఒప్పుకున్నాడు కదా. నువ్వెందుకు మధ్యలో? ఆ మంగలి తాత కొడుకు రోజూ స్టేషన్‌కొచ్చి ఎప్పుడు శిక్ష పడుతుందని అడుగుతున్నాడు. వాడికి నేనేం చెప్పుకోను?"

"నిజం చెప్పు. అది తెలుసుకున్నాక."

"స్టీరింగ్ నూనె నిండుగా ఉంది. పైపులు కారడం లేదు. స్టార్ట్ చేసి తిప్పి చూశాను. ఒక్క వేలితో తిరిగింది. అర్థమైందా? ఒక్క వేలితో."

"ఇంజను ఎంత వేగంలో ఉంది?"

"ఆగి ఉన్న బండికి వేగమేంటి? మామూలుగా నిదానంగా తిరుగుతోంది."

"బరువుతో కనుమ దిగేవాడు చిన్న గేరులో, ఇంజను మీద బండిని ఆపుకుంటూ దిగుతాడు. ఇంజను గొంతు చించుకుంటూ ఉంటుంది. అప్పుడు తిరగలేదన్నాడు వాడు. నువ్వు నిద్రపోతున్న ఇంజనుతో తిప్పి చూసి, డ్రైవరు నిద్రపోయాడని రాశావు."

"మాటలకేం, నీ దగ్గర ఎప్పుడూ కొదవలేదు."

"మాటలొద్దులే. నువ్వే ఎక్కి తిప్పు. ఫోన్లో రికార్డు పెట్టుకో, మొదట్నుంచి చివరిదాకా. రేపు కోర్టులో నేను చెబితే ముసలిది ఏదో వాగుతోందంటారు. నువ్వు చెబితే వింటారు."

గొణుక్కుంటూనే ఫోను తీసి, లారీ ఎదురుగా ఒక డ్రమ్ము మీద నిలబెట్టాడు.

లారీ కుడివైపు ముక్కు అప్పడంలా అయిపోయింది. ఎడమవైపు అంతా బాగానే ఉంది. ముందు రేకు పైకెత్తాను. లోపల స్టీరింగ్ నూనె డబ్బా, దాని పక్కనే ఎండుచేప వేలాడుతోంది. చేప చుట్టూ తెల్ల పట్టుదారం. మా దగ్గర బండి కొంటే గోసా పూజ చెయ్యకుండా ఎవరూ రోడ్డెక్కరు. చక్రాల మీద మక్‌గొల్లి కల్లు పోసి, చేపకి దారం చుట్టి బండిలో కడతారు. దారం ఎంత పొడుగో అంత ఆయుష్షు. గుక్ కారులో ఉంది, నా కారులోనూ ఉంది. పోలీసులు తీసిన ప్రతి ఫోటోలోనూ ఈ చేప ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

మొదట లారీ కిందకి దూరాను. చక్రాల్ని కలిపే కడ్డీలు, కీళ్ళు ఊపి చూశాను. గ్రీజు తాజాగా ఉంది, ఎక్కడా పట్టేయలేదు. టైర్లలో గాలి సరిపోను ఉంది. అంటే స్టీరింగ్ బరువెక్కింది చక్రాల వల్ల కాదు. నూనెని తోసి స్టీరింగ్‌ని తేలిక చేసే పంపు నుంచి స్టీరింగ్ గేర్ బాక్సుకి వెళ్ళే గొట్టం విప్పి, మధ్యలో ప్రెషర్ మీటరు బిగించాను. దానికో చిన్న కవాటం ఉంటుంది. అది మూస్తే పంపు ఒంటరిగా ఎంత తోయగలదో మీటరు చెబుతుంది. ఎక్కువసేపు మూస్తే పంపు పోతుంది, అందుకని మూసీ మూయగానే వదలాలి.

వేరే బ్యాటరీ తగిలించి గుక్ చేత స్టార్ట్ చేయించాను. కవాటం మూశాను. ముల్లు చకచకా ఎక్కి, ఎక్కడుండాలో అక్కడ నిలబడింది. వదిలేశాను. గుక్ పైన ఒక వేలితో స్టీరింగ్ గిరగిరా తిప్పుతున్నాడు.

"చూశావా అక్కా? వెన్నలా తిరుగుతోంది!"

నిజంగానే నీరుగారిపోయాను. పంపు బాగుంది, గేర్ బాక్సు బాగుంది, జేమున్ అబద్ధమాడలేదన్న నా నమ్మకం ఒక్కటే బాగాలేనట్టుంది. గేటు బయటే ఉండమని చెప్పిన మల్‌సుక్ అక్కడి బస్ స్టాప్ బల్ల మీద కూర్చుని ఉంటుందని తెలుసు. బయటికెళ్ళి ఆమెకేం చెప్పాలో అర్థంకాలేదు.

"ఇప్పుడు ఎక్సిలేటర్ తొక్కు," అన్నాను. "రెండు వేల చుట్ల దగ్గర పట్టి ఉంచు. తిప్పుతూనే ఉండు, ఆపకు."

ఇంజను అరిచింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత పంపులోంచి సన్నగా మూలుగు మొదలైంది. మూలుగు పెరిగి కీచుమంటూ వచ్చింది. ముల్లు వణికింది. వణుకుతూ, వణుకుతూ, ఒక్కసారిగా కిందికి పడిపోయింది.

పైన గుక్ తిట్టాడు. తల బయట పెట్టి చూస్తే రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని సీట్లోంచి సగం లేచి లాగుతున్నాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"రావట్లేదు! అక్కా, తిరగట్లేదిది!"

అచ్చం అదే మాట. జేమున్ అరిచిన మాట. ఒక్కటే తేడా, వీడి ముందు యార్డు గోడ ఉంది, వాడి ముందు ముసలాయన కూర్చునున్నాడు.

"కాలు తియ్యి!"

ఇంజను నెమ్మదించింది. కాసేపటికి మూలుగు ఆగింది. ముల్లు ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకొచ్చింది. గుక్ ఒక వేలితో తిప్పాడు. తిరిగింది. కీ తీసేసి కిందికి దిగాడు.

"ఆగితే మళ్ళీ బాగైపోతోంది," అన్నాడు. "అందుకే మాకు దొరకలేదు."

"నూనె చూడు. నురగ కట్టింది. డబ్బా నిండా నూనె ఉంది గానీ పంపుకి అందట్లేదు. నూనె బదులు గాలి పీలుస్తోంది. దారిలో ఏదో అడ్డం పడుతోంది. నెమ్మదిగా పీలిస్తే పక్కకి జరుగుతోంది, గట్టిగా పీలిస్తే వచ్చి మూసేస్తోంది. ఊపిరి తీసుకునేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం వచ్చినట్టు."

డబ్బా నుంచి పంపుకి వెళ్ళే గొట్టం విప్పి చూశాం. లోపలి పొర ఊడిపోలేదు. ఇక మిగిలింది డబ్బా ఒక్కటే.

"చేపకి చెయ్యి తగలకుండా తియ్యి అక్కా," అన్నాడు గుక్. "అపశకునం."

మూత తిప్పాను. మామూలుగా కంటే గట్టిగా ఉంది. వదులవగానే చేప ఊడి కింద పడింది. అప్పుడు కనిపించింది. చేప నుంచి వచ్చిన పట్టుదారం డబ్బా మెడ చుట్టూ తిరిగి, మూత అంచు కింద దూరి, లోపలికి వెళ్ళింది. లోపలికి వెళ్ళినచోట నలిగి, పీచులు పీచులై, తెగిపోయి ఉంది.

ఫిల్టర్ బయటికి తీశాను. వంకర తీగతో డబ్బా అడుగున ఉన్న కన్నం దగ్గర గెలికాను. ఏదో మెత్తగా తగిలింది. లాగాను. వచ్చింది, వస్తూనే ఉంది. నూనెకి గోధుమరంగుకి తిరిగిన దారం, మూరల కొద్దీ, చిక్కుపడి ఉండ కట్టిన దారం. ఫిల్టర్‌కి అవతలవైపు పడింది కాబట్టి దాన్ని ఆపేది ఏదీ లేకపోయింది. నా అరచెయ్యి నిండిపోయింది.

గుక్ ఈల వేశాడు. "సరే, ఒప్పుకున్నా. పప్పులో కాలేశాను. నిద్ర కాదు. రేపు నేనే వెళ్ళి రిపోర్టు వెనక్కి తీసుకుంటా. గెలిచావు అక్కా, ఇంకా అలా చూస్తావేం?"

నిజమే, గెలిచాను. ఆ సంతోషం నాలో ఎంతసేపుందని అడిగితే, దారం వైపు రెండోసారి చూసేంతవరకు అని చెప్పాలి. ఇన్నేళ్ళు బండి తోలినవాడు నూనె మూత కింద దారం బిగిస్తాడా? చచ్చినా బిగించడు. నూనె ఎంతుందో డబ్బా పక్కన గీత చూస్తే తెలుస్తుంది, వాడు మూత తెరవాల్సిన పనే లేదు. చేపని ఎప్పుడూ చూస్తూనే ఉంటాడు, దాని దారం చివర ఎక్కడుందో చూసుకోడు. మరి బిగించింది ఎవరు? 'మల్‌సుక్‌ని బండి దగ్గరికి రానివ్వకండి.'

దారాన్ని పిడికిట్లో బిగించాను.

"తేపిల్, ఆ ఫోను ఆపు."

"నువ్వే కదా చివరిదాకా పెట్టమన్నావు?"

"ఆపమంటున్నాను!"

వాడు ఫోను వైపు వెళ్ళేలోపే గేటు చప్పుడైంది. మల్‌సుక్ వస్తోంది. చేతిలో గుడ్డలో చుట్టిన డబ్బా ఉంది. కాపలావాడు ఎలా రానిచ్చాడో, బహుశా వాడికీ రెండు కింబాప్ అన్నం చుట్టలు పెట్టి ఉంటుంది.

"పొద్దుట్నుంచి ఏమీ తిని ఉండరు," అంది. "మీరు కూడా రండి సార్, మా ఆయన్ని లోపలేశారని మీకు తిండి పెట్టకుండా ఉంటానా? ఇంజను చప్పుడు విన్నాను. ఏమైనా తెలిసిందా అక్కా?"

నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. పెట్టుకుని ఏం లాభం, ఆమె కింద పడ్డ చేపని చూసేసింది. వంగి తీసింది. దుమ్ము దులిపింది. డబ్బా మెడకి చుట్టిన దారాన్ని వేలితో తడిమి చూసింది. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ మొహంలో ఎన్నాళ్ళకో చిన్న వెలుగొచ్చింది.

"చూశారా, మీరు మూత తీసేదాకా ఊడలేదు!" అంది. "అంత దెబ్బ తగిలినా ఊడలేదు. ముందు కట్టింది రెండో రోజే దారిలో పడిపోయింది అక్కా. వెనక వచ్చే లారీలు తొక్కేశాయి. ఆయన నవ్వేశాడు గానీ నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. అందుకే రెండోసారి ఆయన పడుకున్నాక నేనే వచ్చి, ఆ మూత విప్పి, మిగిలిన దారం కొయ్యకుండా లోపలికి వదిలి, రెండు చేతులతో బిగించాను. ఇంక ఊడమన్నా ఊడదు. మొదటిసారి జైలుకి వెళ్ళినప్పుడు ఆయనకీ అదే చెప్పాను. మీకేం కాదు, చేప ఇంకా బండిలోనే ఉంది, నేను మూత కింద పెట్టి బిగించాను అని."

"విని ఏమన్నాడు?" అన్నాను.

"ఏమీ అనలేదు. అలా నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, బాగా చేశావు అన్నాడు." నా చెయ్యి వైపు చూసింది. "ఏంటక్కా దాస్తున్నారు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనే నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు. చెయ్యి ముందుకి చాపాను. నూనెలో నానిన దారం ఉండ చూసి ఆమె ముందు గుర్తుపట్టలేదు. తర్వాత తన చేతిలోని చేప వైపు చూసింది. చేపకున్న దారం, నా చేతిలో దారం, మధ్యలో తెరిచి ఉన్న నూనె డబ్బా.

"ఇది ఎక్కడుంది?"

"పంపుకి నూనె వెళ్ళే కన్నంలో."

"అడ్డం పడితే ఏమవుతుంది?"

"స్టీరింగ్ తిరగదమ్మా."

కింబాప్ డబ్బా జారిపోయింది. ఆమె పట్టుకోలేదు. అలాగే కింద, కారిన నూనెలో కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"మంగలి తాత మా ఆయనకి జుట్టు కత్తిరించేవాడు," అంది. "పండక్కి ముందు కూడా కత్తిరించాడు." చేపని ఒళ్ళో పెట్టుకుని, "ఆయనకి తెలుసా? మా ఆయనకి?" అంది.

"తెలుసు. నువ్వు చెప్పినప్పట్నుంచి."

గుక్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. వాడి గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "అక్కా, దారం నీ చేతిలో ఉంది. రికార్డు నా ఫోన్లో ఉంది. అరగంటలో తుక్కువాళ్ళొస్తారు. వాడు కోరుకున్నది ఇదే. నేనెళ్ళి ఇంకో కాఫీ తాగొస్తా. వచ్చేసరికి ఏమీ లేకపోతే, నేనేమీ చూడలేదు."

జీవితంలో మొదటిసారి వాణ్ణి తిట్టాలనిపించలేదు. దారం నా వేళ్ళ మధ్య బరువుగా ఉంది. మురుగు కాలువ నాలుగడుగుల దూరంలో ఉంది. అక్కడ పడేస్తే జేమున్ లోపలే ఉంటాడు, ఈమె రాత్రంతా మేలుకుని కూర్చుంటుంది. పడెయ్యకపోయినా ఈమె మేలుకునే కూర్చుంటుంది. ఎటు తిప్పినా తిరగనిది ఇది, ఏ మీటరూ దీనికి పనిచెయ్యదు.

"వద్దు," అంది మల్‌సుక్ కింద నుంచే. మా మాటలు విన్నట్టుంది. "ఆయన్ని బయటికి తెమ్మని అక్కని పెట్టుకుంది నేనే. తెమ్మనండి." గోడ పట్టుకుని లేచింది. స్కర్టు నిండా నూనె మరకలు. గుక్ ఎదురుగా నిలబడి జుట్టు సర్దుకుంది. "రాయండి సార్. యొమ్ మల్‌సుక్. దారం కట్టింది, మూత బిగించింది నేనే. ఆయనకి తెలియదు. రేపు కోర్టులో కూడా ఇదే చెబుతా."

గుక్ జేబులోంచి కలం తీశాడు. తీసి రాయకుండా నిలబడ్డాడు.

"ఇలా చెబితే ఆయన్ని వదిలేస్తారు కదా?" అంది ఆమె. "సాక్షిగా నా పేరు సరిపోతుంది కదా?"

గుక్ నా వైపు చూశాడు. పెద్దదాన్ని, ఈ ఉద్యోగం వాడికి నేర్పినదాన్ని. నేనే చెప్పాలి.

"సాక్షిగా కాదమ్మా," అన్నాను.